కుక్కలతో ఆర్‌వీ ప్రయాణం: రోజుకు ఎంత నడపాలి, ఒక్కో చోట ఎన్ని రోజులు ఆగాలి?

రెండు తోకలు

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

మాకు రెండు కుక్కలు. ఒకటి మూడేళ్ల బీగిల్, ఒకచోట నిలవదు. రెండోది పదకొండేళ్ల లాబ్రడార్, తుంటి నొప్పితో మెట్టు కనిపిస్తే ఆగిపోతుంది. రెండింటినీ తీసుకుని మోటార్‌హోమ్‌లో (లోపలే వండుకుని పడుకునే వీలున్న ఇంటి లాంటి బండి, ఇలాంటివాటినే ఆర్‌వీ అంటారు) కొన్ని వారాలు తిరిగి రావాలని మా కోరిక. బండి కుదిరింది, సెలవులూ కుదిరాయి. రూటు వేసుకుంటుంటేనే టెన్షన్ మొదలైంది. మావారు వేసిన ప్లాన్‌లో దాదాపు రోజుకో క్యాంప్‌గ్రౌండ్ ఉంది. చూడాలనుకున్నవన్నీ అందులో ఉన్నాయి, కాదనను. కానీ అంతకుముందు అలవాటు కోసమని వారాంతంలో దగ్గర్లోకి వెళ్లొచ్చాం. బీగిల్ రాత్రంతా కిటికీ దగ్గరే కూర్చుని ప్రతి అలికిడికీ మొరిగింది. లాబ్రడార్ పడుకుంది గానీ నిద్రపోలేదు, తల నేలకు ఆనించి తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది. మర్నాడు రెండూ తిండి సరిగా ముట్టలేదు.

రోజుకు ఎంతసేపు నడపొచ్చు? ఒకచోట ఎన్ని రాత్రులు ఉంటే మంచిది? సైట్, అంటే క్యాంప్‌గ్రౌండ్‌లో మన బండి నిలిపే చోటు, ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి? మేమిద్దరం ఓ రెండు గంటలు బయటికెళ్తే వాటిని బండిలో వదలొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నెమ్మది బండి

రెండు తోకలు గారూ, స్వాగతం. మీ కుక్కలకు ఆర్‌వీ పడలేదని అప్పుడే అనుకోకండి. అలవాటు పడేంత వ్యవధి వాటికి దొరకలేదు, అంతే. రోజుకో చోటు మారితే వాటికి ప్రతి రాత్రీ మొదటి రాత్రే.

ఆర్‌వీ వాళ్లలో 3-3-3 అనే లెక్క బాగా వాడుకలో ఉంది. రోజుకు 300 మైళ్లు, అంటే సుమారు 480 కిలోమీటర్లు మించకూడదు. మధ్యాహ్నం 3 గంటలకల్లా చేరిపోవాలి. చేరిన చోట 3 రోజులు ఉండాలి. మనుషులు అలసిపోకుండా పెట్టుకున్న లెక్క ఇది. కుక్కలుంటే మొదటి అంకె ఇంకా తగ్గించాలంటాను, మేం 200 మైళ్లకే ఆపేస్తాం. మూడో అంకె జోలికి మాత్రం వెళ్లొద్దు.

నేనిలా ఎందుకంటున్నానో మా కుక్క పడుకునే తీరు చూస్తే తెలుస్తుంది. చేరిన రోజు ఆనింగ్ (బండి పక్కన చాపే గుడ్డ పందిరి) కింద చాప వేస్తే దాని మీద కాళ్లు ముడుచుకుని పడుకుంటాడు. గడ్డం ముందు కాళ్ల మీద, చెవులు నిక్కబొడుచుకుని, ఏ క్షణమైనా లేవడానికి సిద్ధంగా. రెండో రోజు పక్కకు ఒరుగుతాడు. మూడో రోజు పొద్దున చూస్తే వెల్లకిలా, నాలుగు కాళ్లూ గాల్లో పెట్టి, పెదవి ఒక పక్కకి జారిపోయి పడుకుని ఉంటాడు. అలా పడుకున్నాడంటే ఆ చోటు వాడిదైపోయినట్టు. సరిగ్గా ఆ రోజే సామాను సర్దుకుని బయల్దేరితే వాడి దృష్టిలో ఆ ప్రయాణంలో విశ్రాంతే లేదు. అందుకే వీలున్న ప్రతిచోటా మేం మరో రాత్రి పొడిగిస్తాం.

3 గంటలకే చేరడం ఎందుకంటే, వెలుతురు ఉండగానే కుక్క చుట్టూ తిరిగి చూసుకోవాలి. పక్క సైట్‌లో ఎవరున్నారు, పిల్లలున్నారా, ఇంకో కుక్క ఉందా, చెత్త డబ్బా ఎక్కడ, ఇవన్నీ కంటితోనూ ముక్కుతోనూ చూసుకున్నాక చీకటి పడితే అలికిడికి ఉలిక్కిపడటం చాలా తగ్గుతుంది. చీకట్లో చేరితే ప్రతి చప్పుడూ దానికి తెలియని చప్పుడే.

తెల్లవారుజాము

నాది కాస్త వేరే పద్ధతి. మేం రాత్రి భోజనాలయ్యాక బయల్దేరి తెల్లారేసరికి చేరుకుంటాం. రోడ్డు ఖాళీగా ఉంటుంది, చల్లగా ఉంటుంది. కుక్క ఎలాగూ రాత్రి నిద్రపోయేదే కాబట్టి దారంతా నిద్రపోతుంది. ఎండలో నడపడం కన్నా ఇదే మేలు కదా?

పశువైద్యం

వృత్తిరీత్యా పశువుల డాక్టర్‌ని. సెలవు దొరికితే చిన్న ట్రైలర్‌తో, మా ఆడకుక్కతో రోడ్డు మీదే ఉంటాను.

తెల్లవారుజాము గారూ, చల్లటి వేళ నడపడం నూటికి నూరుపాళ్లు సరైనదే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల కింద మాత్రం కొద్దిగా పడుతుంది. ఒంటి వేడి దించుకోవడానికి దానికున్న ముఖ్యమైన దారి నాలుక చాపి వగర్చడమే. కాబట్టి ఎండ తప్పించడం మంచిది. అయితే రాత్రంతా నడిపిన డ్రైవర్ పగలు పడుకుంటాడు, కుక్కకేమో అప్పుడే తెల్లారుతుంది. కొత్త చోట దాన్ని తిప్పాల్సిన మనిషి నిద్రలో ఉంటాడు. పైగా అంత పెద్ద బండి నడిపే మనిషికి నిద్ర ముంచుకొస్తే అందరికీ ప్రమాదమే. తెల్లవారుజామున లేచి బయల్దేరి, ఎండ ముదిరేలోపు ఆపేయడం నాకు నచ్చిన పద్ధతి. మీ పేరుకు కూడా అదే తగ్గట్టుంది.

నెమ్మది బండి గారు చెప్పిన మొదటి రాత్రి సంగతికి పరిశోధన ఆధారం కూడా ఉంది. హంగరీలో ఒట్వోష్ లోరాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు పెంపుడు కుక్కల తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి నిద్రను రికార్డు చేశారు. 2020లో ఆ ఫలితాలు వచ్చాయి. మనుషులకు కొత్త చోట మొదటి రాత్రి నిద్ర తేడాగా ఉన్నట్టే కుక్కలకూ మొదటిసారి తేడాగా ఉంటుందని, అలవాటు పడటానికి వాటికీ వ్యవధి కావాలని అందులో తేలింది. లాబ్రడార్ కళ్లు తెరుచుకుని పడుకుందన్నారు చూడండి, అది సరిగ్గా ఇలాంటిదే.

దారిలో రెండు గంటలకోసారి ఆగండి. ఆగినప్పుడు ఐదు నిమిషాల్లో పని ముగించి ఎక్కించేయకుండా, వాసన చూసుకోనివ్వండి. పట్టీ వదులుగా పట్టుకుని, అది ఎటు లాగితే అటు పది నిమిషాలు నడవండి. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో, వాసనతో వెతికే ఆట కొన్నాళ్లు ఆడిన కుక్కలు, పట్టీతో పక్కన నడవడం మాత్రమే సాధన చేసిన వాటికన్నా కొత్త విషయాన్ని ఎక్కువ ఆశతో చూశాయి. బీగిల్‌కైతే ఇది ఇంకా ముఖ్యం. వాసన పట్టడానికే పెంచుకుంటూ వచ్చిన జాతి అది. దాని అలసట కాళ్లలో కన్నా ముక్కులో ఉంటుంది.

తిండి ముట్టకపోవడానికి ప్రయాణంలో వికారం కూడా కారణం కావచ్చు. చొంగ కారడం, పదేపదే పెదాలు నాక్కోవడం, ఆవలింతలు కనిపించాయా చూసుకోండి. బయల్దేరే ముందు కడుపునిండా పెట్టొద్దు. వికారమే అయితే మారోపిటెంట్ అనే మందు ఉంది, ప్రయాణానికి కనీసం 2 గంటల ముందు ఇస్తారు. మోతాదు మీ డాక్టర్ బరువు చూసి చెప్పాలి. భయపడే కుక్కకు మత్తు మందు ఇమ్మని కొందరు అడుగుతారు. ఏసిప్రోమజైన్ లాంటివి ఒంటరిగా ఇస్తే కుక్క కదలకుండా పడి ఉంటుందే తప్ప లోపల భయం తగ్గదు. ఆ దారి వద్దు.

రెండు తోకలు

డాక్టర్ గారూ, ధన్యవాదాలు. పెదాలు నాక్కోవడం, ఆవలింతలు బీగిల్‌లో బాగా చూశాం, నిద్ర లేక అనుకున్నాం. వచ్చే వారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాను.

మరి బండి నడుస్తున్నప్పుడు వీటిని ఎక్కడ ఉంచాలి? సోఫా మీద పడుకోబెడితే సరిపోతుందా?

కొండ దారి

సరిపోదండీ. సడన్ బ్రేక్ వేస్తే సోఫా మీదున్న కుక్క నేరుగా ముందుకు వచ్చి పడుతుంది. దానికీ దెబ్బ, ముందున్న వాళ్లకీ దెబ్బ. రెండే మార్గాలు. ఒకటి, క్రేట్‌లో (కుక్కను ఉంచే గట్టి పెట్టె) పెట్టి, ఆ క్రేట్‌ను బెల్టులతో నేలకో సీటుకో కదలకుండా కట్టడం. రెండు, క్రాష్ టెస్ట్ చేసిన హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) వేసి సీటు బెల్టుకు తగిలించడం. మెడ పట్టీకి మాత్రం బెల్టు తగిలించకూడదు. లాగుడు ట్రైలర్ ఉన్నవాళ్లకు ఒక మాట, కుక్కను ట్రైలర్‌లో ఉంచి బండి నడపొద్దు. లోపల ఏం జరుగుతోందో ముందున్న మనకు తెలియదు. లాగే బండిలోనే మీతో కూర్చోబెట్టుకోండి.

ఇంకొకటి, స్లైడ్‌అవుట్, అంటే లోపల చోటు పెరిగేలా బయటికి జరిగే బండి గోడ భాగం. దాన్ని బయటికి తోసేటప్పుడూ లోపలికి లాగేటప్పుడూ కుక్క ఎక్కడుందో ఇంకో మనిషి కళ్లారా చూసి చెప్పాలి. "ఇక్కడే ఎక్కడో ఉంది" అంటే కుదరదు. మేం రెండింటినీ పట్టీ వేసి బయటికి తీసుకొచ్చాకే బటన్ నొక్కుతాం.

పచ్చ గుడారం

నేను ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో పనిచేస్తాను. వచ్చినవాళ్లకు సైట్లు చూపించడం, రాత్రి గస్తీ, ఫిర్యాదులు వినడం నా పని. సైట్ ఎంపిక గురించి చెప్తాను, ఎందుకంటే అక్కడే సగం ప్రశాంతత తేలిపోతుంది.

బుకింగ్ చేసేటప్పుడు ఫోన్ చేసి మాట్లాడండి. ఆన్‌లైన్ మ్యాప్‌లో అన్ని సైట్లూ ఒకేలా కనిపిస్తాయి. "కుక్కలున్నాయి, వరస చివర సైట్ కావాలి" అని ముందే చెబితే మాలాంటివాళ్లు తప్పకుండా చూస్తాం. చివరి సైట్‌కు ఒకవైపే పొరుగు ఉంటుంది. స్నానాల గదికి వెళ్లే దారి పక్కన తీసుకోకండి, రాత్రి పన్నెండింటికి కూడా ఎవరో ఒకరు టార్చి వేసుకుని మీ కిటికీ పక్క నుంచి పోతూనే ఉంటారు. పిల్లల ఆటస్థలం, చెత్త డబ్బాలు, ఆఫీసు గేటు, వీటి పక్కన కూడా వద్దు. కుక్కల పార్కు పక్క సైట్ అడిగి మరీ తీసుకుంటారు చాలామంది. పొద్దస్తమానం ఇతర కుక్కలు వచ్చిపోతుంటే మీ కుక్క ఎలా పడుకుంటుంది?

నీడ ఎటు పడుతుందో అడగండి. మధ్యాహ్నం ఎండ పడమటి నుంచి వస్తుంది, మోటార్‌హోమ్ ముందు అద్దం అటు తిరిగి ఉంటే లోపలంతా వేడెక్కిపోతుంది. ఆనింగ్ ఉన్న వైపు తూర్పుకో ఉత్తరానికో వచ్చేలా నిలిపితే మధ్యాహ్నం మీ కుక్కలకు బండి నీడే దొరుకుతుంది. (భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నవాళ్లు ఉత్తరం బదులు దక్షిణం అనుకోండి.)

చాలా చోట్ల రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు నిశ్శబ్ద వేళలు. పట్టీ ఆరు అడుగులు మించకూడదన్న నిబంధన ఎక్కువ చోట్ల ఉంటుంది. పొడవైన తాడుతో బెంచీకి కట్టేసి లోపలికి వెళ్లిపోయేవాళ్లను రోజూ చూస్తాను. ఆ తాడు బెంచీ కాళ్లకు చుట్టుకుని, చివరికి కుక్క తల కూడా తిప్పలేని స్థితిలో నిలబడి ఉంటుంది. నేను వెళ్లి విప్పితే చేతులు నాకుతుంది. మనిషి పక్కన లేకుండా కట్టేయొద్దని వేడుకుంటున్నాను.

మా దగ్గరికి వచ్చే మొరుగుడు ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం యజమానులు లేనప్పటివే. తిరిగొచ్చాక వాళ్లకు చెబితే "మా కుక్క మొరగనే మొరగదు" అంటారు. వాళ్లు నిజమే చెబుతారు, వాళ్లున్నప్పుడు అది మొరగదు.

రెండు తోకలు

అయితే వదిలి వెళ్లకూడదా? ఏసీ వేసి, నీళ్లు పెట్టి వెళ్తే? కుక్కలకు అనుమతి లేని చోట్లు కొన్ని మా లిస్టులో ఉన్నాయి. అవి వదులుకోవాలంటే మావారికి కష్టంగా ఉంది.

కరెంటు పని

ఆర్‌వీల వైరింగ్, ఏసీ పనులు చేస్తాను. ఈ ప్రశ్నకు కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు వేడి సంగతి. ఆపి ఉంచిన కారు లోపల ఎంత వేడెక్కుతుందో కొలిచి 2005లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. బయట 22 నుంచి 36 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్న రోజుల్లో లోపలి వేడి గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కాస్త దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. ఆర్‌వీ కారు కన్నా పెద్దది, పైన ఫ్యాన్ ఉంటుంది, కాబట్టి అంకెలు అచ్చం ఇవే ఉండకపోవచ్చు. కానీ పల్చటి గోడలు, పెద్ద అద్దాలు, ఎండలో నిలబడిన పెట్టె. ఏసీ ఆగిపోతే ఎంతోసేపు చల్లగా ఉండదు.

ఏసీ ఎందుకు ఆగుతుంది? క్యాంప్‌గ్రౌండ్‌లో మధ్యాహ్నం అందరూ ఏసీలు వేస్తారు. వోల్టేజీ పడిపోతుంది. మంచి రక్షణ పరికరం, ఈఎంఎస్ అంటాం, పెట్టుకున్నవాళ్ల బండిలో 120 వోల్టుల లైన్ సుమారు 104కు పడగానే అది కరెంటు కట్ చేస్తుంది. ఏసీ కంప్రెసర్ కాలిపోకుండా కాపాడుతుంది. అది చేయాల్సిన పని అదే. కానీ లోపల కుక్క ఉంటే దానికి ఏసీ పోయినట్టే. రెండో కారణం, బ్రేకర్ ట్రిప్ అవడం. 30 ఆంప్ కనెక్షన్ మీద ఏసీ, వాటర్ హీటర్, మైక్రోవేవ్ కలిసి నడిస్తే దిగిపోతుంది. కొన్ని దేశాల్లో సైట్‌కు 10 ఆంపులో 16 ఆంపులో మాత్రమే ఇస్తారు, 230 వోల్టుల మీదైనా అక్కడ ఇంకా జాగ్రత్త. మూడోది, కరెంటు పోయి వచ్చాక కొన్ని ఏసీలు వాటంతట అవి తిరిగి మొదలవ్వవు. మీ బండిలో ఏం జరుగుతుందో ఇంట్లోనే ప్లగ్ పీకి, మళ్లీ పెట్టి చూసుకోండి. చూడకుండా వదిలి వెళ్లొద్దు.

ఉష్ణోగ్రత చూసి ఫోన్‌కు మెసేజ్ పంపే మానిటర్లు దొరుకుతాయి. సొంత సిమ్, సొంత బ్యాటరీ ఉన్నది కొనండి. క్యాంప్‌గ్రౌండ్ వైఫై మీద ఆధారపడేది వద్దు, కరెంటు పోతే వైఫై కూడా పోతుంది, అప్పుడు మెసేజ్ రాదు. వేడి హద్దు దాటితేనే కాదు, కరెంటు పోగానే చెప్పేది అయితే మంచిది. ఆ ముందస్తు నిమిషాలే మీకు కావాలి.

ఇవన్నీ ఉన్నా నా సలహా ఒకటే: మానిటర్ మోగిన పదిహేను నిమిషాల్లో బండి దగ్గరికి చేరలేని చోటికి వెళ్లకండి. కొండెక్కి సిగ్నల్ లేని చోట ఉంటే మానిటర్ ఉన్నా లేనట్టే.

జనరేటర్ మీద ఏసీ నడిపేవాళ్లు కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో చూసుకోండి. మీ జనరేటర్ పొగే కాదు, గాలి వాలును బట్టి పక్క బండిది కూడా కిటికీలోంచి రావచ్చు. ఆ వాయువుకు రంగు, వాసన లేవు. అలారానికి గడువు తేదీ ఉంటుంది, వెనక చూడండి.

పశువైద్యం

కరెంటు పని గారు రాసిన ప్రతి మాటా అచ్చు తీసి ఫ్రిజ్ మీద అంటించుకోదగ్గది. వైద్యం వైపు నుంచి ఇంకొంచెం. కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటిందంటే వడదెబ్బ కిందే లెక్క, అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. పగ్, బుల్‌డాగ్, బాక్సర్ లాంటి పొట్టి మూతి జాతులకూ, లావుగా ఉన్నవాటికీ, ముసలివాటికీ ముప్పు ఎక్కువ. గబగబా వగర్చడం, చిక్కటి చొంగ, ఎర్రబడిన చిగుళ్లు, తూలడం కనిపిస్తే ఒళ్లంతా మామూలు చల్లటి నీళ్లతో తడిపి, ఫ్యాన్ గాలి తగిలేలా చేస్తూ ఆస్పత్రికి బయల్దేరండి. అక్కడికి వెళ్లాక చల్లబరుద్దాం అనుకోవద్దు, చల్లబరచడం ముందు, ప్రయాణం తర్వాత. ప్రతి మజిలీలోనూ దగ్గర్లో 24 గంటలూ తెరిచి ఉండే పశువుల ఆస్పత్రి ఎక్కడుందో చేరిన రోజే ఫోన్‌లో పెట్టుకోండి.

నడక విషయం: తారు రోడ్డు మీద మీ అరచేతి వెనక భాగం ఆనించి 7 సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు కుక్క పాదాలకు కూడా వేడే.

తెల్లవారుజాము

మేం చేసేది చెబుతాను. అనుమతి లేని చోట్లకు ఇద్దరం విడివిడిగా వెళ్తాం. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు. మిగిలినవాళ్లు కుక్కతో నీడలో కూర్చుంటారు. మొదట్లో వెలితిగా అనిపించింది. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుని కుక్క తల ఒళ్లో పెట్టుకునే పూట కోసం పోటీ పడుతున్నాం. డాక్టర్ గారూ, రాత్రి ప్రయాణం గురించి మీరన్నది ఆలోచించాను. పగలు కుక్కను తిప్పేది నేనే, నిద్రమొహంతో తిప్పుతున్న మాట నిజమే. ఈసారి తెల్లవారుజామునే బయల్దేరి చూస్తాం.

ముసలి నేస్తం

లాబ్రడార్ మెట్ల గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. మాదీ ముసలి కుక్కే.

ఆర్‌వీ మెట్లు చాలావాటికి ఇనుప జల్లెడలా ఉంటాయి, కింద నేల కనిపిస్తుంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య వెనక ఖాళీ. కాలు పెట్టగానే కొంచెం ఊగుతుంది. మనకు ఇవేవీ పట్టవు. మావాడు మొదటి మెట్టు మీద ముందు కాలు పెట్టి, ఆ రంధ్రాల్లోంచి కిందికి చూసి, కాలు వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ పెట్టాడు. గోరు ఒక రంధ్రంలో తట్టుకుంది. అంతే, ఇక ఎంత బతిమాలినా రాలేదు. తుంటి నొప్పి అనుకుని ఎత్తుకుని దింపుతూ వచ్చాం. తర్వాత ప్రతి మెట్టుకూ గరుకు చాప చుట్టి, కింద ఊగకుండా ఒక జాకీ పెట్టాం. తనంతట తనే దిగాడు. భయం తీరాక నొప్పి ఎంతో, ఏ మెట్టు దగ్గర ఇబ్బందో తెలిసింది. అప్పుడు ర్యాంప్ కొన్నాం. ర్యాంప్ కొనేటప్పుడు పొడవైనది తీసుకోండి, పొట్టిది నిటారుగా ఉండి ముసలి కుక్కకు పనికిరాదు. ఇంటి దగ్గర నేల మీద పరిచి, దాని మీద నడవడం ముందు అలవాటు చేయండి.

పడక విషయంలో కూడా ఇంట్లో వాడే పాత పరుపే తీసుకెళ్లండి, ఉతక్కుండా. దాని వాసనే దానికి ఇల్లు.

కొండ దారి

చిన్న విషయం, కానీ రాత్రిళ్లు నిద్ర చెడగొడుతుంది. పొగ అలారం బ్యాటరీ అయిపోవచ్చినప్పుడు నిమిషానికోసారి కీచుమంటుంది చూశారా, కుక్కలకు అది మహా బాధ. 2021లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్ వాళ్లు ఇంటి చప్పుళ్ల మీద చేసిన పరిశోధనలో, ఇలా ఆగి ఆగి వచ్చే సన్నటి కీచు శబ్దాలే నిరంతరంగా వచ్చే బొంగురు శబ్దాల కన్నా కుక్కలను ఎక్కువ కంగారు పెడతాయని రాశారు. ఆర్‌వీలో పొగకు, గ్యాస్‌కు, కార్బన్ మోనాక్సైడ్‌కు వేర్వేరు అలారాలు, అన్నీ మంచానికి రెండు అడుగుల దూరంలోనే. బయల్దేరే ముందే బ్యాటరీలు మార్చేయండి. పైకప్పు ఫ్యాన్ సన్నగా తిప్పితే ఆ హోరులో బయటి అలికిడి కలిసిపోతుంది, బీగిల్‌కు పనికొస్తుంది.

పచ్చ గుడారం

నీళ్ల గురించి ఒక హెచ్చరిక. చెరువు పక్క సైట్లు చూడ్డానికి బాగుంటాయి. ఎండాకాలం నిలిచిన నీటి మీద పచ్చగా, పెయింటు ఒలికినట్టు తెట్టు కనిపిస్తే కుక్కను దరిదాపులకు పోనివ్వకండి. ఆ తెట్టులో ఉండే సైనోబాక్టీరియా విషం కొన్ని గంటల్లోనే ప్రాణం తీయగలదు. నీళ్లు తాగకపోయినా, ఈదొచ్చి ఒళ్లు నాక్కున్నా చాలు.

పశువైద్యం

దాంతో పాటు లెప్టోస్పైరోసిస్ టీకా కూడా బయల్దేరే ముందు వేయించండి, అడవి జంతువుల మూత్రం కలిసిన నీళ్లలోంచి వస్తుంది, మనుషులకూ సోకుతుంది. రేబిస్ టీకా కాగితం అసలు, ఫోన్‌లో ఫొటో రెండూ ఉండాలి, చాలా క్యాంప్‌గ్రౌండ్‌లలో అడుగుతారు. కుక్క చర్మం కింద పెట్టే మైక్రోచిప్‌లో ఉండేది ఒక నంబరు మాత్రమే, సాధారణంగా 15 అంకెలు. ఆ నంబరుకు రిజిస్టర్ చేసిన ఫోన్ పాతదైతే చిప్ ఉన్నా మీకు ఫోన్ రాదు. ఒకసారి లాగిన్ అయి చూసుకోండి.

సాయంత్రం నడక అయ్యాక చెవుల లోపల, చంకల్లో, వేళ్ల మధ్య వేలితో తడిమి చూడండి. పిడుదు దొరికితే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నిటారుగా లాగండి. నూనె పోయడం, కాల్చడం చేయొద్దు. లైమ్ వ్యాధి సోకడానికి సాధారణంగా అది ఒక రోజుకు పైగా పట్టుకుని ఉండాలి కాబట్టి రోజూ చూసుకునేవాళ్లకు ముప్పు బాగా తగ్గుతుంది.

రెండు తోకలు

ఇద్దరం కూర్చుని ఈ చర్చ మొత్తం మొదటి నుంచి చదివాం. మావారు ఏమీ అనకుండా లాప్‌టాప్ తీసి ప్లాన్‌లో సగం చోట్లు కొట్టేశారు. ఇప్పుడు ప్రతి చోటా మూడు రాత్రులు, ఒక చెరువు దగ్గర మాత్రం వారం. పచ్చ గుడారం గారు చెప్పారు కదా, ఆ చెరువు నీళ్లు ఎలా ఉన్నాయో ఫోన్ చేసి అడిగాను. పారే నీళ్లట, తెట్టు ఎప్పుడూ చూడలేదన్నారు. వెళ్లాక మేమూ చూసుకుంటాం. అడగ్గానే వరస చివరి సైట్ ఇచ్చారు. అనుమతి లేని చోట్లకు వంతులవారీగా వెళ్లాలని తేల్చుకున్నాం. బీగిల్‌కు వికారమేనని డాక్టర్ చెప్పారు, మందు రాశారు. మెట్లకు చాప కొలతలు తీసుకున్నాం.

ఒకటే మిగిలింది. బీగిల్ కిటికీలోంచి కనిపించిన ప్రతి మనిషినీ చూసి మొరుగుతుంది. కర్టెన్ వేస్తే ముక్కుతో తోసి మళ్లీ చూస్తుంది. దీనికేమైనా ఉపాయం ఉందా?

నెమ్మది బండి

మీ ప్లాన్ చదివితే నాకే బయల్దేరాలనిపిస్తోంది. ఆ వారం రోజుల చోటును ప్రయాణం మొదట్లోనే పెట్టగలరేమో చూడండి. బండిలో ఉండటం అక్కడ అలవాటైపోతే తర్వాతి మజిలీల్లో సర్దుకోవడం తేలిక.

కిటికీ సంగతి కొండ దారి గారికి బాగా తెలుసు, వాళ్లదీ మొరిగే జాతే.

కొండ దారి

అద్దానికి అంటించే పాలరంగు ఫిల్మ్ దొరుకుతుంది. జిగురు లేని రకం తీసుకోండి, అద్దె బండి అయినా మరక పడదు. అద్దం తుడిచి, నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి చల్లి, ఫిల్మ్ పరిచి, పాత ఏటీఎం కార్డు లాంటిదానితో మధ్య నుంచి అంచులకు నీళ్లు తోసేయాలి. కిటికీ మొత్తానికి అక్కర్లేదు. కుక్క సోఫా మీద కూర్చున్నప్పుడు దాని కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో కొలిచి, అక్కడికి ఒక జానెడు పైదాకా వేస్తే చాలు, మీకు పైనుంచి బయట కనిపిస్తుంది, దానికి వెలుతురు మాత్రమే వస్తుంది. తలుపు అద్దం మర్చిపోకండి, మా కుక్క ఎక్కువ మొరిగేది అక్కడి నుంచే.

ఎర్ర హ్యాండిల్ ఉన్న కిటికీ అత్యవసరంగా బయటపడటానికి పెట్టినది. దానికి ఫిల్మ్ వేసినా హ్యాండిల్ మీదికి, ఫ్రేమ్ అంచుల మీదికి రానివ్వకండి. వేశాక ఒకసారి పూర్తిగా తెరిచి చూసుకోండి.